వన్స్‌మోర్‌ని రద్దు చేసిన మా బావ

మా బావ లక్ష్మీపతి జీవితంలో కోరుకున్నది ఒక్కటే. తను పద్యం పాడితే జనంలోంచి ఎవడో ఒకడు లేచి "వన్స్‌మోర్!" అని అరవాలి. అమెరికా వచ్చి షాంటిలీలో నాలుగు బెడ్‌రూముల ఇల్లు కొన్నాడు, గ్రీన్‌కార్డు తెచ్చుకున్నాడు, గవర్నమెంటు కాంట్రాక్టుల మీద డేటాబేసులు చూసుకుంటూ ఒక్క లేఆఫ్ కూడా తగలకుండా నెట్టుకొచ్చాడు, మా అక్క రాధారాణి లాంటి ఓపికగల మనిషిని పెళ్లాడాడు. అవన్నీ ఆయన దృష్టిలో ఊరికే వచ్చినవి. వన్స్‌మోర్ మాత్రం రాలేదు. నేను బావమరిదిని. ఆయన్ని ఏడిపించే హక్కు అక్క పెళ్లిపందిట్లోనే నాకు వచ్చేసింది, ఆ హక్కును ఒక్క ఆదివారం కూడా వృథా పోనివ్వలేదు.

పద్యనాటకం ఎరగనివాళ్లకు ఈ వన్స్‌మోర్ గొడవ ఏమిటో చెప్పాలి. నటుడు పద్యం ఎత్తుకుంటాడు. పద్యం అయిపోయాక రాగం తీస్తాడు. తీసి, గాల్లో తిప్పి, ఇక వీడి ఊపిరి పోతుందేమో అని జనం భయపడేదాకా సాగదీసి, చివరికి మూలస్వరం 'సా' మీద దించుతాడు. దిగగానే జనం ఊగిపోయి వన్స్‌మోర్ అంటారు. అన్నారంటే మళ్లీ పాడాల్సిందే. కథ ఎక్కడుందో ఎవరికీ పట్టదు. కత్తిపోటుకు చచ్చి పడున్న రాజైనా సరే, లేచి, కిరీటం సర్దుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావాలి. మంచి నటుడు ఒక్క ఆటలో మూడుసార్లు చచ్చేవాడు.

బావది చీరాల దగ్గర. పద్నాలుగో ఏటే స్టేజీ ఎక్కాడు. రెండో భటుడు, మూడో మంత్రి, పల్లకీకి ఎడమ బోయీ. గొంతు చెడ్డదేం కాదు. శ్రుతి తప్పదు, తాళం తప్పదు, అక్షరం మింగడు. అన్నీ ఉన్నాయి, కానీ విన్నవాడికి ఏమీ అనిపించదు. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం కాలేజీ వార్షికోత్సవంలో మొదటిసారి రాజు వేషం దొరికింది. ముందు పాడినవాడికి మూడు వన్స్‌మోర్లు పడ్డాయి. బావ పాడాడు, రాగం తీశాడు, దించాడు, కుడిచెయ్యి చాచి నిలబడ్డాడు. హాలంతా నిశ్శబ్దం. వెనక బెంచీలోంచి ఒకడు ఆవులించి, "తర్వాత!" అన్నాడు.

ఈ ముక్క అక్క నాకు చెప్పినప్పుడు పొట్ట పట్టుకుని నవ్వాను. అక్క నవ్వలేదు. "ఇప్పటికీ నిద్రలో అలా చెయ్యి చాచి పడుకుంటార్రా" అంది.

రెండు వేల ఎనిమిదిలో ఒక శనివారం మధ్యాహ్నం. ఐ-సిక్స్‌టీసిక్స్ మీద ఏదో ట్రక్కు అడ్డం పడింది, కార్లు కదలడం లేదు. బావ తన క్యామ్రీలో రేడియో తిప్పుతుంటే ఒపెరా తగిలింది. ఒపెరా అంటే మరేం లేదు, వాళ్ల పద్యనాటకం; మాట్లాడాల్సింది కూడా పాడతారు. ఇంకో రోజైతే ఛానెల్ మార్చేసేవాడు. కానీ ఆ పాట ఆగడం లేదు. ఇప్పుడు 'సా' మీదికి దిగుతుంది, ఇదిగో దిగుతుంది అని ఈయన స్టీరింగ్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అది దిగదు. ట్రాఫిక్ క్లియరయింది, వెనకాల హారన్లు మోగాయి, ఇల్లు వచ్చింది, పాట మాత్రం దిగలేదు. డ్రైవ్‌వేలో గంటసేపు కార్లోనే కూర్చున్నాడు. అక్క వెళ్లి అద్దం మీద కొట్టి, "ఏమైందండీ, జాబ్ పోయిందా?" అని అడిగింది.

"రాధా, చప్పట్లకి చోటే ఇవ్వలేదు!" అన్నాడట, కళ్లు తుడుచుకుంటూ.

ఆ పాట కట్టినవాడు వాగ్నర్ అనే జర్మనీవాడు. ఆ తర్వాత మూడేళ్లు మా ఆదివారాలన్నీ వాగ్నర్ పాలయ్యాయి. కౌంటీ లైబ్రరీలో ఆ మనిషి మీద ఉన్న పుస్తకాలన్నీ బావ ఇంట్లోనే ఉండేవి. ఇడ్లీ నోట్లో పెట్టుకోగానే మొదలుపెట్టేవాడు. పద్దెనిమిది వందల పదమూడులో పుట్టాడట. అప్పులవాళ్లకు దొరక్కుండా ఓడెక్కి పారిపోయాడట. తిరుగుబాటులో తలదూర్చి ఏళ్ల తరబడి పరాయి దేశాల్లో తిరిగాడట. తన ఒపెరాలు నడిపించిపెట్టిన శిష్యుడి పెళ్లాన్నే లేవదీసుకుపోయాడట. ఒంటిమీద పట్టు లేకపోతే ఆయనగారికి పాట వచ్చేది కాదట.

"ఇన్ని మంచి గుణాలున్నవాణ్ని ఎక్కడ పట్టావు బావా?" అన్నాను.

"నోర్ముయ్ బామ్మర్దీ. మనిషిని కాదు, మ్యూజిక్‌లో వాడు చేసిన పని చూడు."

చేసిన పని గట్టిదే, కాదనను. అంతకుముందు ఒపెరాల్లో కూడా మనలాగే పాట అయిపోగానే ఆగి, చప్పట్లు పుచ్చుకుని, అడిగితే మళ్లీ పాడేవారట. వాగ్నర్ ఆ ఆగడాలన్నీ తీసేసి, నాటకం మొదట్నుంచి చివరిదాకా ఒకటే పాటగా నడిపించాడు. ఒక్కో పాత్రకీ ఒక చిన్న స్వరం ముక్క కేటాయించాడు. ఆ ముక్క వినబడితే మనిషి కనబడకపోయినా వస్తున్నాడని తెలిసిపోతుంది. ఒకచోట స్వరాన్ని ఇంట్లోంచి, అంటే 'సా'లోంచి, బయటికి తీసుకెళ్లి, గంటల తరబడి ఊరంతా తిప్పి, ఆఖరున గానీ ఇంటికి చేర్చలేదు. తన నాటకాల కోసమే ఒక చిన్న ఊళ్లో థియేటర్ కట్టించుకుని, వాద్యాలవాళ్లందరినీ స్టేజీ కింద గుంటలోకి దింపి మూతపెట్టాడు. హాల్లో దీపాలు తగ్గించేశాడు. అందరూ నోరు మూసుకుని స్టేజీ వైపే చూడాలి, వేరే దిక్కు లేదు.

ఇంత చదివి మా బావ తెలుసుకున్నది ఒక్కటే. వన్స్‌మోర్ రాకపోవడం తన తప్పు కాదు. వన్స్‌మోర్ అనే పద్ధతే తప్పు. కళను ముక్కలు చేసే మోటు అలవాటు అది. నాగరికులు అడగరు, కళాకారుడు ఆశించడు. పాతికేళ్ల పుండుకు జర్మనీ నుంచి మందు దొరికింది.

ముందు ఇంట్లో ప్రయోగం చేశాడు. ఇంటిల్లిపాదికీ స్వరం ముక్కలు పంచాడు. అక్క మెట్లు దిగుతుంటే ఒకటి, పాలు పొంగుతుంటే ఒకటి, డోర్‌బెల్ మోగి నేనని తెలిస్తే ఒకటి. నాకిచ్చిన ముక్కలో పైకి పోయే స్వరం ఒక్కటీ లేదు, అన్నీ కిందికి దిగేవే. "నీ వ్యక్తిత్వాన్ని బట్టి ఇచ్చాను" అన్నాడు. ఒళ్లు మండింది. మూడేళ్లు నేను ఆ ఇంటి గడప తొక్కినప్పుడల్లా వంటింట్లోంచి ఆ దిక్కుమాలిన కూనిరాగం వినబడేది.

ఇందులో నవ్వలేని సంగతి ఒకటుంది, అదీ చెప్పాలి. బావ ఆఫీసులో కూడా ఆ పాటలు పెట్టుకునేవాడు. పక్క క్యూబికల్‌లో నయోమీ అని ఒక పెద్దావిడ ఉండేది. ఒకరోజు లేచి వచ్చి, "మా అమ్మమ్మ ఇంట్లో ఆయన పాట ఎవ్వరూ పెట్టేవారు కాదు. నేనున్నప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటావా?" అని మెల్లగా అడిగిందట. బావకు అర్థం కాలేదు. లైబ్రరీకి పోయి, అప్పటిదాకా పేజీలు తిప్పేసి వదిలేసిన అధ్యాయాలు చదివాడు. యూదులకు సంగీతం చేతకాదని వాగ్నర్ మారుపేరుతో ఒక విషపు వ్యాసం రాశాడు. అది చాలనట్టు, పంతొమ్మిదేళ్ల తర్వాత సొంత పేరు పెట్టుకుని మళ్లీ అచ్చేయించాడు. ఆయన పోయిన యాభై ఏళ్లకు, యూదులను చంపించినవాళ్లు ఆ పాటల్నే నెత్తిన పెట్టుకుని ఊరేగించారు.

బావ రెండు వారాలు కూనిరాగం తీయలేదు. తర్వాత మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాడు. "వీడు నిజంగానే వెధవరా" అన్నాడు.

"శిష్యుడి పెళ్లాం సంగతప్పుడే చెప్పాను కదా. మరి వదిలెయ్."

"మనిషిని వదిలేశాను. పాట నన్ను వదలట్లేదు."

నయోమీకి సారీ చెప్పాడు. ఆమె ఉన్నా లేకపోయినా ఆఫీసులో మళ్లీ ఆ పాట పెట్టలేదు. దానికి మాత్రం మా బావకు మార్కులు వేస్తాను. కానీ ఆ మనిషి ద్వేషాన్ని వదిలేసినవాడు అహంకారాన్ని కూడా అక్కడే వదిలేసి రావచ్చు కదా! దాన్ని మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు.

రెండు వేల పదకొండు ఏప్రిల్‌లో మా తెలుగు సంఘం ప్రోగ్రాంకి ఇండియా నుంచి రావాల్సిన సింగర్‌కి వీసా స్టాంపింగ్ కాదని నాలుగు నెలల ముందే తేలిపోయింది. అద్దెకు తీసుకున్న హైస్కూల్ ఆడిటోరియం మూడు నుంచి ఐదున్నర దాకా ఖాళీ పడింది. బావ అడిగాడు. ప్రెసిడెంటు ఆంజనేయప్రసాద్ గారు దిక్కుతోచక ఒప్పేసుకున్నారు. నాటకం బావే రాశాడు. రాజు మాట తప్పుతాడు, ఏరు ఎండిపోతుంది, చివరికి రాజు ఏటి ఒడ్డున ప్రాణం వదిలి నీళ్లు రప్పిస్తాడు. రాజు వేషం ఎవరిదో చెప్పక్కర్లేదు. ఆ ప్రాణం వదలడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. మిగతా వేషాలకు పక్క యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్న కుర్రాళ్లను పట్టాడు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు వారాంతం బిర్యానీ పెడతామంటే భటుడే కాదు, ఏరు వేషం కూడా వేస్తాడు.

ఇక హార్మోనియం. తెనాలి నాటక సమాజాల్లో నలభై ఏళ్లు హార్మోనియం వాయించిన వీరభద్రం గారు, కూతురు పూజిత దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చారు. డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్లు పోయాయి, వేళ్లు పోలేదు. బావ అడగ్గానే పెద్దాయన మొహం వెలిగిపోయింది. రిహార్సల్ మొదటి రోజే గొడవ వచ్చింది. బావ పద్యాలకు రాగం లేదు, 'సా' మీద దించడం లేదు. అలా గాల్లో వేలాడుతూనే తర్వాతి పద్యంలోకి పోతాయి. వీరభద్రం గారి వేళ్లు నలభై ఏళ్ల అలవాటు కొద్దీ పద్యం చివర్లో పోయి 'సా' మీద కూర్చునేవి.

"ల్యాండ్ చేయొద్దు మాస్టారూ!"

"దించకపోతే ఎట్టా బాబూ? గాల్లో వదిలేసి ఇంటికెళ్లి అన్నం ఎట్టా తింటారు జనం?"

"అదే కావాలి. వాళ్లకి ఆకలి ఉండాలి."

"ఆకలితో పంపితే మనకు శాపం తగులుద్ది బాబూ" అని నవ్వారు పెద్దాయన. కానీ మాటిచ్చారు. మూడు నెలలు కష్టపడి వేళ్లకు దిగకుండా ఉండటం నేర్పారు.

ఆట రోజు బావ పెద్ద బాంబు పేల్చాడు. ఆడిటోరియంలో స్టేజీ ముందు చెక్కలు మూసిన గుంట ఉందని కనిపెట్టి, స్కూలువాళ్ల చేత తెరిపించాడు. హార్మోనియం అందులోనే అన్నాడు. పద్యనాటకంలో హార్మోనిస్టు అంటే స్టేజీకి కుడివైపు చివర, అందరికీ కనబడుతూ కూర్చునే దొర. ఆయన తలాడిస్తేనే నటుడు ఎత్తుకుంటాడు.

పూజితకు కోపం వచ్చింది. "మా నాన్నని బేస్‌మెంట్‌లో కూర్చోబెడతారా లక్ష్మీపతి గారూ? నా కూతురు తాతని చూడాలని పొద్దున్నుంచి రెడీ అయి కూర్చుంది."

"కనబడకూడదమ్మా, వినబడాలి. అదే కాన్సెప్ట్."

పెద్దాయన నా భుజం పట్టుకుని ఐదు మెట్లు దిగి కూర్చున్నారు. అక్కడినుంచి ఆయనకు స్టేజీ కనబడదు కాబట్టి బావ నాకు ఒక టార్చి ఇచ్చాడు. పక్క తెరలోంచి గుంటలోకి ఒకసారి వెలిగిస్తే వాయించాలి, రెండుసార్లు వెలిగిస్తే ఎక్కడున్నా ఆపేయాలి. పెద్దాయన మనవరాలు, తొమ్మిదేళ్ల దేదీప్య, మొదటి వరసలో కూర్చుని మెడ సాగదీసి వెతుకుతోంది. "తాత ఎక్కడ ఉంది? నాకు కనిపించట్లే!"

ప్రతి సీటు మీదా బావ ఒక కాగితం పెట్టించాడు. చప్పట్లు కొట్టరాదు. వన్స్‌మోర్ అనరాదు. నాటకం పూర్తయ్యే వరకు బిర్యానీ ఇవ్వబడదు. మూడు గంటలకు లైట్లన్నీ ఆర్పేశారు. మా తెలుగువాళ్లు చీకట్లో నాటకం చూడటం అదే మొదలు. పిల్లలు ఏడ్చారు. ఎవరో కాళ్లు తొక్కితే ఎవరో తిట్టారు. ఒక పెద్దావిడ గట్టిగా, "కరెంటు పోయిందా, ఇక్కడ కూడానా?" అంది.

మొదటి గంట మర్యాదగా గడిచింది. ఒక్క పద్యమూ దిగలేదు. జనం తుమ్ము రాబోయి రానట్టు కూర్చున్నారు. రెండో గంటలో సెల్‌ఫోన్ల వెలుగులు మొదలయ్యాయి. ఐదు దాటగానే లాబీలోకి బిర్యానీ ట్రేలు వచ్చాయి. వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చింది, జనం బయటికి పోలేదు, ఎందుకంటే చీకట్లో తలుపు ఎక్కడుందో తెలియలేదు. ఆ సమయంలో మా బావ చావడం మొదలుపెట్టాడు.

ఇరవై రెండు నిమిషాలూ చచ్చాడు. చివరి పద్యం చివరి అక్షరం పలికి, నేల మీద వెల్లకిలా పడ్డాడు. హార్మోనియం ఆఖరి స్వరం మీద ఆగి ఉంది, 'సా'కు ఒక్క మెట్టు పైన. ఇప్పుడు నేను టార్చి రెండుసార్లు వెలిగించాలి. పాట గాల్లోనే తెగిపోవాలి, తెర పడాలి. మూడేళ్ల తపస్సుకు అదే ముగింపు.

నేను వెలిగించలేదు. మర్చిపోయానని అక్కకు చెప్పాను గానీ అది అబద్ధం. రెండున్నర గంటలు 'సా' లేకుండా కూర్చున్నాను, నేనూ మనిషినే. పైగా నా స్వరం ముక్క గుర్తొచ్చింది.

వెలుగు రాలేదు. వీరభద్రం గారు ఆ ఒక్క స్వరం మీదే తిత్తి నొక్కుతూ కాసేపు చూశారు. ఇక ఆగలేక రాగం ఎత్తుకున్నారు. అబ్బ! ఏం చెప్పను! ఎవరికీ కనబడని ఆ గుంటలోంచి, చీకట్లో, రెండున్నర గంటలుగా వేలాడుతున్న పద్యాలన్నిటినీ ఒక్కొక్కటిగా పట్టుకుని, పిల్లల్ని బడి నుంచి ఇంటికి తీసుకొచ్చినట్టు నడిపించుకొచ్చి, 'సా' మీద కూర్చోబెట్టారు. ఒక్క క్షణం హాలంతా ఊపిరి బిగబట్టింది. వెనకనుంచి ఒక గొంతు పగిలిపోయేట్టు అరిచింది.

"వన్స్‌మోర్!"

అంతే, హాలంతా లేచింది. వన్స్‌మోర్, వన్స్‌మోర్. బావ పెట్టించిన కాగితాలు గాల్లో ఎగురుతున్నాయి.

నేను తెర పక్కనుంచి శవాన్ని చూస్తున్నాను. ముందు కాలి వేళ్లు కదిలాయి. తర్వాత కుడిచెయ్యి మెల్లగా పక్కకు చాచుకుంది. వన్స్‌మోర్ మోటు అలవాటని మూడేళ్లు నా ఇడ్లీలు చల్లారబెట్టిన మనిషి, పది సెకన్లు కూడా ఆగలేదు. లేచాడు. కిరీటం సర్దుకున్నాడు. ఆ మొహం చూడాలి! ఇరవై ఏడేళ్లు తగ్గిపోయాయి. చెయ్యి చాచి, ఊపిరి పీల్చి, పద్యం ఎత్తుకోబోయాడు.

"నో అంకుల్! యూ స్టే డెడ్!" మొదటి వరసలో దేదీప్య కుర్చీ ఎక్కి అరుస్తోంది. "మా తాతకి వన్స్‌మోర్! తాత! తాత!"

హాలు గొల్లున నవ్వింది. "హార్మోనియం! హార్మోనియం!" అని అరిచారు. నాకు నవ్వు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మా బావను చూసి నవ్వు రాకపోవడం అదే మొదటిసారి. టార్చి ఎందుకు వెలిగించలేదురా నేను!

బావ చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. గుంటలోంచి వీరభద్రం గారి గొంతు వచ్చింది. ఈ గోలలో ఆయనకు సగమే వినబడింది, కనబడేది ఏమీ లేదు. "బాబూ, వన్స్‌మోర్ మీ పద్యానికేనా? శ్రుతి ఇమ్మంటారా?"

ఔనంటే సరిపోయేది. పెద్దాయన శ్రుతి ఇచ్చేవారు, బావ పాడేసేవాడు, నవ్వినవాళ్లు రెండు నిమిషాల్లో బిర్యానీకి పోయేవాళ్లు. జీవితంలో ఒక్కసారి వన్స్‌మోర్ పాడానని చెప్పుకోవచ్చు. బావ నా వైపు చూశాడు. నేను ఔనని తలాడించాను, పాడేయ్ బావా అని.

ఆయన చెయ్యి దించేశాడు.

"కాదు మాస్టారూ. మీకే" అన్నాడు. కిరీటం తీసి చంకలో పెట్టుకుని, ఆ పొడుగు అంగీతోనే ఐదు మెట్లు దిగాడు. ఒక చేత్తో హార్మోనియం, ఇంకో చేత్తో పెద్దాయన మోచెయ్యి పట్టుకుని పైకి తెచ్చాడు. స్టేజీకి కుడివైపు చివర, హార్మోనిస్టు కూర్చోవాల్సిన చోట కూర్చోబెట్టాడు. "లైట్లు వేయండయ్యా, మనిషి కనబడొద్దూ!" అని కసిరాడు. హాలంతా వెలిగింది. దేదీప్య కుర్చీ మీద గంతులేస్తోంది.

బావ వెనక్కి నడిచి, ఇందాక చచ్చినచోటే మళ్లీ పడుకున్నాడు. వీరభద్రం గారు కళ్లద్దాలు తుడుచుకుని జనాన్ని చూశారు, మనవరాల్ని చూశారు, శవాన్ని చూశారు. తలాడించి మొదలుపెట్టారు. ఈసారి ఇంకా ఎక్కువసేపు తిప్పారు, ఇంకా మెల్లగా దించారు. 'సా' మీద వేలు పడింది. జనం నోరు తెరిచేలోపే స్టేజీ మధ్యలోంచి ఒక అరుపు వినబడింది.

"వన్స్‌మోర్!"

అరిచింది శవం. వెల్లకిలా పడుకుని, కుడిచెయ్యి చాచి, మా బావ లక్ష్మీపతి అరుస్తున్నాడు.